సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొంటున్నారా? ఓనర్ మొండిగా ఉంటే ఏం చేయాలి, ఏ పేపర్లు చూడాలి: హిందూపురం, పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం పాఠకుల కోసం

పోయిన సంవత్సరం మా మామూ కువైట్ నుంచి వచ్చేశారు. పద్దెనిమిదేళ్లు డ్రైవర్‌గా చేసిన మనిషి. అక్కడ అరబ్బుల బెంజ్‌లు నడిపారు, ఇక్కడికి వచ్చాక తనది అని ఒక బెంజ్ ఉండాలని ఆశ. చేతిలో పద్నాలుగు లక్షలు ఉన్నాయి. వడ్డీ వద్దనుకునే ఇల్లు కాబట్టి బ్యాంకు లోన్ మాట లేదు, ఉన్న డబ్బుతోనే కొనాలి. పుట్టపర్తిలో ఒక ఇంట్లో పదేళ్ల డీజిల్ బెంజ్ అమ్మకానికి ఉందని తెలిసింది. బ్రోకర్ లేడు, నేరుగా ఓనరే.

వెళ్లాం. బండి మెరిసిపోతోంది. ఓనర్ పెద్దమనిషి, మాట మాత్రం కటువు. "మెకానిక్‌ని తీసుకొస్తామండి" అన్నారు మామూ. "నా బండికి మెకానిక్ ఎందుకు? నమ్మకం లేకపోతే వేరే చూసుకోండి. రేపు ఇంకో పార్టీ వస్తోంది" అన్నాడాయన. మామూ భయపడి పాతిక వేలు టోకెన్ చేతిలో పెట్టేశారు. రసీదు లేదు. నేను బీకాం చదివి కూడా పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను, అదే నాకు ఇప్పటికీ బాధ.

తర్వాత ఏమైందో మధ్యలో చెప్తాను. మన జిల్లాలో ఇలాంటి బేరాలు చాలా జరుగుతున్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. అక్కడ ఐటీ వాళ్లు మూడు నాలుగేళ్లకు మార్చేసే ఆడీలు, బీఎండబ్ల్యూలు కొడికొండ చెక్‌పోస్ట్ దాటి మన వైపు వస్తాయి. ధర్మవరం చీరల వ్యాపారులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, రియల్ ఎస్టేట్ చేసేవాళ్లు ఎక్కువగా కొంటున్నారు.

ముందు ఓనర్ ఎవరో తేల్చుకోండి

మొండిగా మాట్లాడే ఓనర్లందరూ మోసగాళ్లు కారు. కొందరికి బండి మీద ప్రేమ, అమ్మడం ఇష్టం లేదు, డబ్బు అవసరం వచ్చి అమ్ముతున్నారు. కొందరు ఇంతకుముందు పదిమంది వచ్చి ఊరికే టెస్ట్ డ్రైవ్ చేసి పోయారని విసిగిపోయి ఉంటారు. వీళ్లతో ఓపిగ్గా, మర్యాదగా మాట్లాడితే పని అవుతుంది. "సార్, డబ్బు రెడీగా ఉంది, బండి బాగుంటే ఈ వారమే తీసుకుంటాను, చెకింగ్ ఖర్చు నాది" అని చెప్పి చూడండి. నిజమైన ఓనర్ అయితే నూటికి ఎనభై మంది మెత్తబడతారని నా అనుభవం.

బండి చూపించడానికి ఒప్పుకుని, పేపర్లు చూపించడానికి ఒప్పుకోనివాడు మాత్రం వేరే రకం. వాడితో ఎంత మర్యాదగా మాట్లాడినా లాభం లేదు.

మొదట అడగాల్సింది ఆర్‌సీ. ఆర్‌సీలో ఉన్న పేరు, మీ ఎదురుగా ఉన్న మనిషి ఆధార్ పేరు ఒకటేనా చూడాలి. "మా అన్నది", "మా ఫ్రెండ్‌ది, వాడు దుబాయ్‌లో ఉన్నాడు" అంటే ఆగండి. విదేశంలో ఉన్న ఓనర్ తరఫున ఎవరైనా అమ్మాలంటే సరైన పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి, అది కూడా ఓనర్‌కి వీడియో కాల్ చేసి నిర్ధారించుకోవాలి. ఓనర్ చనిపోయి ఉంటే ముందు బండి వారసుల పేరు మీదికి మారాలి, దానికి ఫారం 31 ఉంది. కొడుకు ఒక్కడు సంతకం పెడితే సరిపోదు, మిగతా వారసుల అంగీకారం కూడా కావాలి. కంపెనీ పేరు మీద ఉన్న బండి అయితే అమ్మడానికి అధికారం ఇచ్చిన తీర్మానం, కంపెనీ ఇన్వాయిస్ తీసుకోండి. కంపెనీకి జీఎస్టీ ఉంటే దాని లెక్క వాళ్లు చూసుకోవాలి. మామూలు మనిషి మామూలు మనిషికి అమ్మితే జీఎస్టీ ఏమీ లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

ఓనర్‌లా నటించే బ్రోకర్లు కూడా ఉన్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లకు కేంద్రం కొత్త రూల్స్ పెట్టింది. డీలర్ రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి, బండి తన చేతికి వచ్చినట్టు ఓనర్‌తో కలిసి ఆన్‌లైన్‌లో తెలపాలి. ఈ పద్ధతిలో వచ్చిన బండికి అమ్మేవరకు డీలరే బాధ్యుడు. బ్రోకర్ అని తెలిస్తే ఈ పేపర్ అడగండి. మన ఊళ్లలో చాలామందికి దీని పేరు కూడా తెలియదు, అడిగితే నవ్వుతారు. నవ్వినా అడగండి.

ఆర్‌సీ మీద చిన్న అక్షరాలు

మామూ కథకు వస్తాను. టోకెన్ ఇచ్చిన రెండో రోజు నేను ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూశాను. హైపోథికేషన్ అని ఒక ఫైనాన్స్ పేరు కనిపించింది. అంటే లోన్ ఇంకా ఆర్‌సీ మీద ఉంది. ఫోన్ చేసి అడిగితే "లోన్ ఎప్పుడో కట్టేశాను, పేపర్ తీసుకోలేదు అంతే" అన్నాడు ఓనర్. కావచ్చు. కట్టేసి పేపర్ తీసుకోనివాళ్లు చాలామందే ఉంటారు. కానీ కట్టేశాడో లేదో మనకు చెప్పాల్సింది ఫైనాన్స్ వాళ్లు, ఓనర్ కాదు.

పద్ధతి ఏమిటంటే, ఓనర్ ఫైనాన్స్ నుంచి ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద ఆ పేరు తీయించాలి. లోన్ ఇంకా మిగిలి ఉంటే ఎంత కడితే ముగుస్తుందో ఫైనాన్స్ నుంచి లెటర్ తీసుకుని, ఆ మొత్తాన్ని మీరు నేరుగా ఆ లోన్ అకౌంట్‌లోకే కట్టాలి. మిగిలింది ఓనర్‌కి ఇవ్వాలి. "నాకు ఇవ్వండి, నేను కడతాను" అంటే ఒప్పుకోవద్దు. లోన్ ముగియకపోతే ఫైనాన్స్ వాళ్లు బండిని మీ ఇంటి ముందు నుంచే తీసుకుపోగలరు.

అదే యాప్‌లో, పరివాహన్ సైట్‌లో ఇంకా చూడాల్సినవి: ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్, ఎన్నో ఓనర్, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా, చలాన్లు ఉన్నాయా. బెంగళూరు బండి అయితే కర్ణాటక చలాన్లు విడిగా చూడండి, వేలల్లో ఉంటాయి. దొంగ బండి అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ వాళ్ల వాహన్ సమన్వయ్‌లో నంబర్ పెట్టి చెక్ చేసుకోవచ్చు.

చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ మీ కళ్లతో బండి మీద చూసి ఆర్‌సీతో పోల్చండి. చాసిస్ నంబర్ 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. ఒక్కటి తేడా ఉన్నా వదిలేయండి. ఇంజన్ నంబర్ ఎవరు చూస్తారులే అనుకోకండి. మన పెనుకొండ కియా ప్లాంట్ నుంచే ఏళ్ల తరబడి ఇంజన్లు మాయమయ్యాయని 2025 మార్చిలో కంపెనీ ఫిర్యాదు చేసింది, లెక్క 900 దాటింది. ఇంజన్లు కూడా చేతులు మారతాయని మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా. రిజిస్ట్రేషన్ పేపర్ల సంగతి కూడా అంతే. తాడిపత్రి లారీల కేసు 2020లో పెద్ద వార్త. సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదన్న బీఎస్-3 బండ్లను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4 అని రిజిస్టర్ చేయించి, ఎన్ఓసీతో ఇక్కడికి తెచ్చారన్నది ఆరోపణ. కాబట్టి దూర రాష్ట్రాల నంబర్ ఉన్న లగ్జరీ కారు చవగ్గా వస్తోందంటే, మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో తవ్వండి.

విదేశీ దిగుమతి బండ్లకు ఇంకో తలనొప్పి ఉంది. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు భూటాన్ నుంచి అక్రమంగా వచ్చాయంటూ సినిమా నటుల ఇళ్లలో కూడా సోదాలు చేసి కార్లు పట్టుకెళ్లారు. నాలుగో చేతి ఓనర్ కూడా కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. దొంగ సొత్తుకైనా ఇంతే. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు, 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం మాట అది.

చెకింగ్ లేకుండా కొనకండి

మామూ కారు దగ్గర అసలు గొడవ ఇక్కడే వచ్చింది. బెంగళూరు సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయిద్దాం, ఖర్చు మాది అన్నాం. ఓనర్ ఒప్పుకోలేదు. సర్వీస్ పుస్తకం పోయిందన్నాడు. రెండో తాళం చెవి కూడా పోయిందన్నాడు. ఈ మూడూ ఒకే ఇంట్లో కలిసి వస్తే మీరు అనుమానపడడం తప్పు కాదు.

లగ్జరీ కారులో లెక్క వేరు. అరవై లక్షల బండి పదేళ్లకు పద్నాలుగు లక్షలకు వస్తుంది, కానీ స్పేర్ పార్టుల ధర పద్నాలుగు లక్షల బండి ధర కాదు, అరవై లక్షల బండి ధరే. కామర్స్ క్లాసులో తరుగుదల నేర్చుకున్నప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు నాకు. దగ్గర్లో షోరూం లేదు. పుట్టపర్తిలో బండి ఆగితే ఫ్లాట్‌బెడ్ మీద బెంగళూరు దాకా మోయించాలి, దూరం నూట యాభై కిలోమీటర్ల పైనే. అందుకే బండి ధర పోను కనీసం రెండు లక్షలు పక్కన లేకపోతే ఈ బేరానికి వెళ్లొద్దని నా సలహా.

ఉదయం వెళ్లండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. మీరు వచ్చేసరికి బానెట్ వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్న మాట. స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లో గలగల శబ్దం వస్తే టైమింగ్ చైన్ అనుమానించాలి. కొన్ని జర్మన్ డీజిల్ ఇంజన్లలో ఆ చైన్ వెనకవైపు ఉంటుంది, మార్చాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజన్ గానీ దించాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే లోపం దాచారని అర్థం. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి రాత్రంతా నిలబెడితే ఒక మూల కిందకు దిగిపోయిందా చూడండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు కుదుపు ఉంటే ఖర్చు పెద్దదే. టెస్ట్ డ్రైవ్ పుట్టపర్తి వీధుల్లో కాదు, కొత్తచెరువు మీదుగా పెనుకొండ హైవే ఎక్కించండి. కనీసం అరగంట, ఏసీ వేసి. మన ఎండలో ఏసీ, రేడియేటర్ బండారం పావుగంటలో బయటపడుతుంది.

స్కానర్ పెట్టించడం తప్పనిసరి. ఓనర్ సర్వీస్ సెంటర్‌కి రానంటే, స్కానర్ ఉన్న మెకానిక్‌ని మీరే బెంగళూరు నుంచో అనంతపురం నుంచో ఇంటికి తెచ్చుకోండి. ముందు రోజు ఎర్రర్లు చెరిపేసి ఉంటే అది కూడా తెలిసిన మెకానిక్ పట్టేస్తాడు.

కిలోమీటర్లు తిప్పేశారా అన్నది మీటర్ చూస్తే తెలియదు. పాత సర్వీస్ బిల్లుల్లో రీడింగ్ ఉంటుంది. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడగండి. వారానికి రెండుసార్లు బాగేపల్లి టోల్, మరూరు టోల్ దాటిన బండి "ఊళ్లోనే తిరిగింది, నలభై వేలే" అంటే ఎవరు నమ్ముతారు? ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ కూడా ఓనరే కంపెనీని అడిగి తెప్పించగలడు.

నీళ్లలో మునిగిన బండ్ల గురించి విడిగా చెప్పాలి. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు విల్లాల్లో కోట్ల రూపాయల కార్లు నీళ్లలో తేలాయి, అందరం ఫోన్లలో చూశాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. అవన్నీ ఎక్కడికి పోయాయి? కడిగి, పాలిష్ చేసి ఎక్కడో అమ్మారు. చాలా లగ్జరీ కార్లలో కంట్రోల్ యూనిట్లు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. ఒకసారి నీళ్లు తగిలితే ఆరు నెలలకో ఏడాదికో ఒక్కొక్కటే పోతాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి, బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, కార్పెట్ కింద ముక్కవాసన చూడండి. ఎక్కువ సెంటు కొట్టి ఉన్న బండిని ఇంకా ఎక్కువ చూడండి.

బేరం, డబ్బు

ఓనర్ గట్టిగా మాట్లాడుతుంటే మీరు గొంతు పెంచొద్దు. బండిని తిట్టొద్దు కూడా, చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. "బండి బాగలేదు" అంటే ఆయనకు కోపం. "సార్, టైర్లు నాలుగూ మార్చాలి, బ్రేక్ డిస్కులు అరిగాయి, కొటేషన్ ఇదిగో" అని కాగితం ముందు పెడితే ఆయనకు సమాధానం ఉండదు. ఇద్దరూ గౌరవించే మనిషి ఒకరు మధ్యలో ఉంటే ఇంకా మంచిది. మా వైపు పెద్దలు ఇప్పటికీ ఇలాంటివి అలాగే తేలుస్తారు.

టోకెన్ ఇస్తే ఐదు పది వేలు, అదీ బ్యాంకు ద్వారా. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు: బండి నంబర్, ధర, ఎన్నాళ్లు ఆగాలి, చెకింగ్‌లో లోపం తేలితే టోకెన్ వాపస్. దానికి ఆయన "ఓకే" అని కొట్టాలి. ఇది లేకే మామూ పాతిక వేలు ఇరుక్కుపోయాయి. చెకింగ్‌కి ఒప్పుకోలేదు కాబట్టి మేం వద్దన్నాం, "మీరే వెనక్కి పోయారు" అని ఆయన డబ్బు ఇవ్వలేదు. సాక్ష్యం ఏముంది మా దగ్గర?

మొత్తం నగదే కావాలనే ఓనర్లు చాలామంది. వడ్డీ లేకుండా కూడబెట్టిన డబ్బు మన ఇళ్లలో నగదుగానే ఉంటుంది కాబట్టి మనకూ సులువనిపిస్తుంది. వద్దు. ఆదాయపు పన్ను చట్టంలో 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన రూల్ ప్రకారం ఒకే లావాదేవీకి రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. ఈ మాట ఓనర్‌కి మెల్లగా చెప్పండి, చాలామందికి అక్కడే నగదు మోజు తగ్గుతుంది. మీకు కూడా ఆర్‌టీజీఎస్ రసీదే సాక్ష్యం. ధర తక్కువ రాసుకుందాం అన్నా ఒప్పుకోకండి, రేపు కోర్టుకు వెళ్తే రాసిన ధరే మీ ధర.

కోర్టు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. షోరూంలో కొంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. తన సొంత కారు ఒకసారి అమ్ముకున్న మనిషి వ్యాపారి కాదు, ఆ దారి దొరకడం కష్టం. సివిల్ దావా, లేదా మోసం ఉంటే పోలీసు ఫిర్యాదు, భారతీయ న్యాయ సంహిత 318 కింద. రెండూ ఏళ్లు పట్టే పనులు. అందుకే డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొంత మొత్తం ఆర్‌సీ మీ పేరుకు మారాకే ఇస్తామని ఒప్పందంలో రాసుకోండి.

పేరు మారకపోతే ఏమవుతుంది

"ఓపెన్ ఫారంల మీద సంతకాలు పెట్టిస్తాను, మీకు వీలైనప్పుడు మార్చుకోండి" అనే మాట మన ఊళ్లలో మామూలు. ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఇది కొన్నవాడికీ ప్రమాదం, అమ్మినవాడికి ఇంకా ప్రమాదం.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. 2007లో అమ్మేసిన కారు వరుసగా చేతులు మారింది, 2009లో యాక్సిడెంట్ అయి ఒక బాలుడు చనిపోయాడు. ఆర్‌సీలో ఇంకా మొదటి ఓనర్ పేరే ఉంది. పరిహారం బాధ్యత ఆ రిజిస్టర్డ్ ఓనర్‌దే అని కోర్టు చెప్పింది. ఇక 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన ఐ20 సంగతి అందరికీ తెలుసు. ఆ కారు కూడా చేతులు మారుతూ వచ్చిందే, పోలీసులు మొదట వెతుక్కుంటూ వెళ్లింది పాత ఓనర్ల దగ్గరికి. మొండి ఓనర్‌కి మీరు చెప్పాల్సిన గట్టి మాట ఇదే: పేరు మార్చడం నా కోసం కాదు సార్, మీ కోసం. ఇది విన్నాక ఓటీపీ ఇవ్వని ఓనర్‌ని నేను చూడలేదు.

ఓటీపీ అంటున్నాను ఎందుకంటే ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ ఆన్‌లైన్‌లోనే మొదలవుతుంది, ఓనర్ నంబర్‌కి ఓటీపీ వస్తుంది. ఆయన ఫోన్ ఎత్తకపోతే మీ పని ఆగిపోయినట్టే. కాబట్టి చివరి డబ్బు వేసే రోజే ఇద్దరూ కూర్చుని దరఖాస్తు పూర్తి చేయాలి. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. డెలివరీ తేదీ మాత్రమే కాదు, టైం కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ టైం ముందు చలాన్లు ఆయనవి, తర్వాతవి మీవి.

కర్ణాటక నంబర్ బండి అయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ రావాలి. అది రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కారు అసలు ధర, వయసు చూసి లెక్క వేస్తారు, లగ్జరీ బండికి అది లక్షల్లోనే వస్తుంది. బేరం మాట్లాడే ముందే ఈ లెక్క రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో కొంత వాపస్ రావడానికి దారి ఉంది, అది ఎవరికి చెందాలో కూడా ఒప్పందంలో రాసుకోవాలి. హిందూపురంలో కేఏ నంబర్‌తో ఏళ్ల తరబడి తిరిగే బండ్లు కనిపిస్తాయి, నిజమే. 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందేనని చట్టం, పట్టుబడిన రోజు పక్కింటివాడి బండిని చూపించి తప్పించుకోలేరు.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. థర్డ్ పార్టీ కవర్ బండితో పాటు మీకు వస్తుంది. మీ బండికి జరిగే డ్యామేజీ కవర్ అలా తనంతట తాను రాదు, 14 రోజుల్లో కంపెనీకి రాసి మీ పేరుకు మార్పించుకోవాలి. అది చేయకుండా మొదటి వారమే గుద్దుకుంటే క్లెయిమ్ రాదు. నో క్లెయిమ్ బోనస్ ఓనర్‌ది, బండిది కాదు. ఆయన పాలసీలో యాభై శాతం తగ్గింపు ఉంటే మీకు ప్రీమియం పెరుగుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. ఆయన ఫాస్టాగ్ ఆయనే మూసేయాలి, మీరు కొత్తది తీసుకోవాలి. ఫోన్ యాప్‌తో కనెక్ట్ అయ్యే బండి అయితే ఆయన అకౌంట్ నుంచి తీయించండి, లేకపోతే మీ బండి ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

మామూ చివరికి ధర్మవరంలో ఒక వ్యాపారి దగ్గర పన్నెండున్నర లక్షలకు వేరే బండి తీసుకున్నారు. ఆ ఓనర్ కూడా మొదట్లో మెకానిక్ వద్దన్నాడు, రెండోసారి చాయ్ తాగుతూ ఒప్పుకున్నాడు. లక్ష రూపాయలు ఆపి పెట్టాం, ఆర్‌సీ మారిన రోజు వేశాం. మొదటి సర్వీస్‌కి డెబ్బై వేలు అయింది.